చౌళ్లకట్ట దగ్గర ఎక్కే సారు

తెల్లవారగానే యశోద పొయ్యి మీద నీళ్లు పెట్టి, అవి మరిగేలోపు వాకిలి ఊడ్చి ముగ్గేస్తుంది. ఆ తర్వాత ముందురోజు కుచ్చులు కట్టిన పట్టుచీరల్ని మంచం మీద పరిచి, ఒక్కో ముడినీ వేలితో తడిమి చూసి, మడిచి సంచిలో సర్దుకుంటుంది. ధర్మవరంలో మార్కండేయులు అంగడి నుంచి చీరలు తెచ్చుకుని, కొంగులకు కుచ్చులు కట్టి తిరిగి ఇవ్వడం ఆమె పని. ఇల్లు హిందూపురంలో, పని ధర్మవరంలో. మధ్యలో బస్సు.

ఇదివరకు వారానికోసారి పోయేది. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక రోజూ పోవడం మొదలుపెట్టింది. సంచి నిండా చీరలున్నా పోతుంది, ఒక్క చీరున్నా పోతుంది. ఒక్కోనాడు ఖాళీ సంచితో పోయి ఖాళీ సంచితోనే వచ్చేది. "ఏమక్కా, ఈ పొద్దు చీరల్లేవు, సారెల్లేవు, ఊరికే వస్తివే!" అని మార్కండేయులు నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆమె ఎందుకు వస్తోందో ఆయనకు తెలుసు. ఆ దారిలో తిరిగే అందరికీ తెలుసు.

ఆ బస్సు డ్రైవరు రామాంజనేయులు. కండక్టరు అరుణ. ఖాకీ చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకుని, టికెట్ మిషన్ మెడలో వేలాడేసుకుని, ఎంత రద్దీలోనైనా ఒక్క మనిషినీ కసురుకోకుండా బస్సంతా తిరిగి రాగల పిల్ల. వాళ్ల నాయన కూడా ఇదే డిపోలో కండక్టరు. ఆయన సర్వీసులో ఉండగానే పోతే ఆ ఉద్యోగం ఈమెకు వచ్చింది. ఇంకా పర్మనెంటు కాలేదు.

"ఆధార్ చూపిస్తా ఉండు పాపా," అని యశోద సంచిలో వెతుక్కోబోతే, "నీ ఆధార్ నాకు నోటికొచ్చులే అత్తా," అంటూ అరుణ జీరో టికెట్టు కొట్టి చేతిలో పెట్టేది. యశోద దాన్ని కొంగుకు ముడేసుకుని, ఎడమవైపు కిటికీ పక్కన కూర్చునేది. సోమందేపల్లిలో దోసెల వాసన బస్సులోకి వచ్చేది. పెనుకొండలో కార్ల ఫ్యాక్టరీ పిల్లలు బిలబిలా దిగిపోయేవాళ్లు. కొండ వెనకపడ్డాక రోడ్డుకు రెండువైపులా వేరుశనగ చేలు, వాటి అవతల గొర్రెల మందలు. యశోద అప్పుడు కొంగు ముడి విప్పి, టికెట్టు వేళ్ల మధ్య పట్టుకుని, జుట్టు ఒకసారి సవరించుకునేది.

చౌళ్లకట్ట స్టేజీ వస్తుంది. ఒక రేకుల షెడ్డు, ఒక సిమెంటు బెంచీ. తెల్లచొక్కా, ఖాకీ ప్యాంటు, చంకలో తోలుసంచితో చెయ్యెత్తి నిలబడి ఉంటాడు చెకింగ్ ఇన్‌స్పెక్టర్ వీరభద్రయ్య. రామాంజనేయులు బ్రేకు తొక్కుతాడు. "సారు వచ్చినాడు, టికెట్లు తీసి పట్టుకోండప్పా," అని అరుణ గట్టిగా చెబుతుంది.

వీరభద్రయ్య యశోద భర్త. ముందటేడు ఎండాకాలం, అదే స్టేజీలో బస్సు కోసం నిలబడినవాడు కాస్త అలుపొచ్చినట్టు బెంచీ మీద కూర్చుని మళ్లీ లేవలేదు. దహనం చేశారు. పెద్ద దినం చేశారు. ఆ మరునాడే చౌళ్లకట్ట దగ్గర ఆయన చెయ్యెత్తితే, వచ్చే బస్సు ఆగింది. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తితే ఆగకుండా పోయే డ్రైవరు ఎవడుంటాడు? ఎక్కాడు, ముందు సీటు నుంచి వెనక సీటు దాకా టికెట్లు చూశాడు, చెన్నేకొత్తపల్లిలో దిగిపోయాడు. అప్పటి నుంచి రోజూ అంతే. ఆయన రాసిన మెమోలు డిపోలో మిగతా మెమోలతో పాటే ట్రేలో పడేవి.

ఇంటికి మాత్రం రాలేదు. బతికున్నప్పుడు కూడా ఆయన ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువుండేవాడు కాబట్టి యశోదకు అది వింతగా అనిపించలేదు. చూడాలనుంటే తనే బస్సెక్కాలి, అంతే.

ఆయన ఒక్కో సీటూ దాటుకుంటూ వచ్చేవాడు. ఆమె దగ్గర ఆగేవాడు.

"టికెట్."

ఆమె ఇచ్చేది. ఆయన ఎర్రపెన్నుతో గీత గీసి, "సరేమ్మా," అని తిరిగిచ్చి, వెనక సీటుకు వెళ్లిపోయేవాడు. అంతే. రెండు మాటలు. ఆ రెండు మాటల కోసం ఆమె ఇంత దూరం వచ్చేది. వాటిలో ఆమెకు ప్రత్యేకంగా చెప్పిందేమీ ఉండేది కాదు. మంద దగ్గరికి పోతూ వెనక సీట్లో కూర్చున్న గొర్రెల కాపరి ముత్యాలప్పతోనూ ఆయన అదే గొంతుతో "సరేప్పా," అనేవాడు.

ఒకరోజు యువరాజ్ అనే కాలేజీ పిల్లోడు దొరికిపోయాడు. పెనుకొండలో ఎక్కి, అరుణ కంటపడకుండా గుంపులో అటూ ఇటూ తిరిగి తప్పించుకున్నాడు. వీరభద్రయ్య "టికెట్" అనగానే జేబులన్నీ తడుముకున్నాడు. లేదు. ఆయన ఆ పిల్లోడి పక్కన కూర్చున్నాడు. తోలుసంచి తెరిచి, అట్ట మోకాలి మీద పెట్టుకుని, పేరు, నాయన పేరు, ఊరు, ఏం చదువుతాండావు, యాడ దిగుతావు, టికెట్టు ఏంటికి తీసుకోలేదు అని అన్నీ అడిగాడు. చెన్నేకొత్తపల్లి వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు. చివర్లో, "మీ నాయన చేన్లో కష్టపడతాంటే నువ్వు బస్సులో దాంకుంటాండావా?" అని చెవి మెలిపెట్టాడు కూడా.

యశోద వెనక్కి తిరిగి అదంతా చూసింది. ఆమెకు ఆ పిల్లోడి మీద జాలి కలగలేదు. కుళ్లు పుట్టింది.

మరునాడు హిందూపురంలో అరుణ మిషన్ పట్టుకుని వచ్చి, "అత్తా, టికెట్?" అంది.

"ఇందాకే ఇస్తివి గదా పాపా," అంది యశోద.

"ఇస్తినా? మర్సిపోయినా చూడు," అని అరుణ నవ్వి వెనక్కి వెళ్లిపోయింది. మాట ఎక్కడా తడబడకుండా వచ్చినందుకు యశోదకే ఆశ్చర్యమైంది. సోమందేపల్లి దాటేదాకా కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. పెనుకొండ దాటాక జుట్టు సవరించుకుంది. చౌళ్లకట్టలో ఆయన ఎక్కాడు.

"టికెట్."

"లేదు," అంది యశోద.

ఆయన ఆమెను ఎవరినైనా చూసినట్టే చూశాడు. తర్వాత పక్కన కూర్చున్నాడు. ఎండలో నిలబడినవాళ్ల చొక్కాకుండే వాసన, దానితో పాటు కొబ్బరినూనె వాసన. ఆయన తోలుసంచి తెరిచాడు.

"పేరు?"

"యశోద."

"భర్త పేరు?"

ఆమె నోరు తెరిచి మూసింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె ఆ పేరు పలకలేదు. ఆసుపత్రిలో అడిగినా, రేషను ఆఫీసులో అడిగినా పక్కనున్నవాళ్ల చేత చెప్పించేది.

"నీకు తెలుసు గదా," అంది.

"నాకు తెలిసింది రాసుకునేదానికి లేదమ్మా. నువ్వే చెప్పల్ల."

యశోద కిటికీ వైపు తిరిగింది. మళ్లీ ఆయన వైపు తిరిగింది. "వీరభద్రయ్య," అంది.

ముందు సీట్లో ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏమీ విననట్టు బయటికి చూశారు. ఆయన ఆ పేరును ఒక్కో అక్షరం తీర్చిదిద్ది రాశాడు.

"యాడ ఎక్కినావు?"

"హిందూపురం."

"యాడికి పోతాండావు?"

"ఈడికే."

పెన్ను ఆగింది. "ఈడ స్టేజీ లేదమ్మా."

"అట్లయితే ధర్మవరం."

"ఏం పని చేస్తావు?"

"చీరలకు కుచ్చులు కడతా. మా ఆయన పోయినప్పటి నుంచి."

ఆయన అదీ రాసుకున్నాడు. ఇంకా ఏవేవో అడిగాడు. ఆమె చెవులకు గొంతు వినబడుతోంది గానీ మాటలు ఎక్కడం లేదు. అట్ట మీద కదులుతున్న ఆ చేతిని, బొటనవేలి పక్కనున్న పాత కాలినమచ్చను చూస్తూ, అడిగినవాటన్నిటికీ తల ఆడిస్తూ పోయింది. కండక్టరు నిన్ను టికెట్ అడిగిందా అన్న మాట కూడా వాటిలో ఉంది. దానికి తల అడ్డంగా ఆడించిందో నిలువుగా ఆడించిందో ఆమెకు తర్వాత గుర్తు రాలేదు.

చెన్నేకొత్తపల్లి వచ్చేసింది. ఆయన సంతకం పెట్టించుకుని, జరిమానా రాసి, లేచి అరుణ దగ్గరికి వెళ్లి ఏదో కాగితం ఇచ్చి దిగిపోయాడు. యశోద కిటికీలోంచి ఆయన వీపునే చూస్తూ ఉండిపోయింది. తలుపు దగ్గర కాగితం పట్టుకుని నిలబడ్డ అరుణ ముఖం ఆమె చూడలేదు.

ఆ సాయంత్రం మడకశిర నుంచి కూతురు రోజా ఫోన్ చేసింది. "నాయన ఎట్లుండాడమ్మా?"

"బాగుండాడు. ఈ పొద్దు నా పక్కన కూచున్నాడు."

"అవునా! ఏమన్న్యాడు?"

"పేరడిగినాడు," అంది యశోద. ఫోన్‌కు అటూ ఇటూ ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజు కట్టిన కుచ్చులు రోజూ కన్నా నిండుగా వచ్చాయి.

పొద్దున బస్సులో అరుణ లేదు. కుళ్లాయప్ప అనే పెద్దాయన మిషన్ పట్టుకుని ఉన్నాడు.

"అరుణ యాడపోయిందప్పా?"

"సస్పెండు చేసినారు గదమ్మా. బండిలో టికెట్టు లేని మనిషి దొరికె, కండక్టరు అడగనే లేదని సారు మెమో రాసె. పర్మనెంటు అయ్యే టైములో పడె పాపం, ఇంగ ఉద్యోగమే ఉండాదో పోతాదో." కుళ్లాయప్ప ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నీ కేసే గదా అది?"

ఆ రోజు చౌళ్లకట్టలో వీరభద్రయ్య ఎక్కకముందే, పెనుకొండలోనే యశోద దిగిపోయింది. తిరుగు బస్సెక్కి నేరుగా హిందూపురం డిపోకు వెళ్లింది.

మేనేజరు అమర్‌నాథ్ ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. అంతా విన్నాడు. "అమ్మా, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. ఈడ కూచొని నేను రాసుకునేదానికి లేదు. బండిలో జరిగింది బండిలో పట్టుకున్నాయనే మార్చి రాయల్ల."

"ఆయన..."

"పోయినాడు, నాకూ తెలుసు. పాడె మోసినోళ్లలో నేనూ ఉంటి. అయినా సంతకం సంతకమే గదమ్మా? ఆయన రాసిన కేసు ఇంతవరకు ఒక్కటి గూడా తప్పని తేల్లే." టీ గ్లాసు ఆమె వైపు జరిపాడు. "నువ్వే అడుగు. మీ ఆయనే గదా."

మీ ఆయనే గదా అనడం సులువు. పెళ్లయిన కొత్తలో యశోద తమ్ముడు ఆమెను చూడ్డానికి వస్తూ టికెట్టు లేకుండా ఈయనకే దొరికాడు. బావా బావా అంటున్నా వినకుండా మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద దించేశాడు. ఆ తమ్ముడు చాలా ఏళ్లు ఇంటి గడప తొక్కలేదు. ఆమె ఏడ్చి, అలిగి, అన్నం మానేసినా, రాసింది రాసిందేనన్నాడు. అలాంటి మనిషి, పోయిన తర్వాత మారతాడా? పైగా ఇంకో భయం. అడిగితే కోపమొచ్చి, రేపటి నుంచి చౌళ్లకట్టలో చెయ్యెత్తకపోతే?

ఆ భయంతోనే ఆమె అడగకుండా రెండు మూడు రోజులు గడిపేసింది. బస్సెక్కడం కూడా మానేసింది. చీరలు మంచం మీద అలాగే ఉండిపోయాయి. కుచ్చు ముడివేస్తే జారిపోయేది. చివరికి ఒక పొద్దున లేచి పెనుకొండ పోయి, అడ్రసు కనుక్కుని, కొండ కింద సందులో అరుణ వాళ్లింటికి వెళ్లింది.

అరుణ తల్లి హనుమమ్మ అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. ఎవరో తెలియక, "రామ్మా, కూచో," అంది. లోపలి నుంచి వచ్చిన అరుణ మాత్రం నవ్వలేదు. దండెం మీద ఆమె ఖాకీ చొక్కా ఉతికి ఆరేసి ఉంది. డ్యూటీ లేకపోయినా.

"తప్పు నాది పాపా," అంది యశోద.

"నాది గూడా ఉండాదిలే అత్తా. నీ సొంత అవ్వ ఎక్కినా చీటీ కొట్టి చేతిలో పెట్టమని మా నాయన చెప్తాండె. నువ్వు తీసుకున్న్యానంటే నమ్మితి." దండెం మీది చొక్కా ముడత సరిచేసింది. తర్వాత ఆపుకోలేక అడిగింది. "ఏంటికి చేస్తివత్తా? ఊరికే ఇచ్చే టికెట్టు. ఏమొచ్చింది నీకు?"

"టికెట్టు లేకపోతే పక్కన కూచుంటాడని."

అరుణ అరుగు మీదికి వచ్చింది. తల్లి పక్కన కూర్చుని, చాటలోంచి ఒక శనక్కాయ తీసి ఒలవకుండా చేతిలోనే తిప్పుతూ ఉండిపోయింది.

"మా నాయన బతుకంతా ఇదే దోవలో టికెట్లు కొట్టినాడు," అంది చివరికి. "పోయినాక ఒక్క స్టేజీలో గూడా చెయ్యెత్తలే. నేను పెతి స్టేజీలో చూస్తా. ఎక్కేటోళ్లు ఎక్కి, దిగేటోళ్లు దిగినాక గూడా రోంత సేపు చూసి, ఆ మీదట రైట్ చెప్తా. నీకు రెండు మాటలన్నా దొరుకుతాండె. అవి సాల్లేదా అత్తా?"

హనుమమ్మ చేతులు ఆగిపోయాయి. కూతురు ఈ మాట తనతో ఎన్నడూ అనలేదని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది.

యశోద లేచి నిలబడింది. "ఆయనకు కోపమొచ్చి రాకపోతే రాకపోనీ," అంది. అది అరుణతో అన్నదో తనతో తాను అనుకున్నదో.

మరునాడు కుళ్లాయప్ప దగ్గర టికెట్టు అడిగి మరీ తీసుకుని, అదే కిటికీ పక్కన కూర్చుంది. చౌళ్లకట్ట వచ్చింది. ఆయన చెయ్యెత్తాడు. ఎక్కాడు. వచ్చాడు.

"టికెట్."

యశోద టికెట్టు చాచింది. ఆయన పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు. ఆ చిన్న కాగితానికి చెరో కొసా ఇద్దరి చేతుల్లో ఉండిపోయింది.

"ఆ కండక్టరు పిల్ల మీద నువ్వు రాసింది తప్పు," అంది యశోద. "ఆయమ్మి నన్ను టికెట్టు అడిగింది. తీసుకున్న్యానని నేనే అబద్ధం చెప్పినా."

"ఆ పొద్దు నేను అడిగితే, లేదని తలాడిస్తివి గదమ్మా."

"నువ్వేమడిగినావో నాకు ఇనపడలే."

"సీటు పక్కనే కూచొని అడిగితే ఇనపడలేదా?"

"పక్కన కూచున్న్యావని ఇనపడలే," అంది యశోద. ఆమె గొంతు పెరిగింది. బస్సులో మాటలన్నీ ఆగిపోయాయి. "మార్చి రాయి. ఆ పిల్లకు అన్యాయం అయిపోతాంది. బతికున్నప్పుడు నా తమ్ముని మీద రాసినావు, అది న్యాయమే, నేనే ఓర్సుకున్న్యా. ఇది న్యాయం కాదు. తప్పు రాసినాయన అనిపించుకుంటావా నువ్వు?"

వీరభద్రయ్య ముఖంలో ఏమీ కదల్లేదు. టికెట్టు వదిలేశాడు. ఇప్పుడు వెళ్లిపోతాడు, ఇక రాడు అనుకుంది యశోద. ఆయన కూర్చున్నాడు. తోలుసంచి తెరిచి కొత్త కాగితం తీశాడు.

"స్టేట్‌మెంట్ ఇయ్యల్ల. పేరు?"

"యశోద. వీరభద్రయ్య భార్యను." ఈసారి ఆయన అడక్కముందే చెప్పింది.

"కండక్టరు టికెట్ అడిగిందా?"

"అడిగింది."

"నువ్వేం చెప్పినావు?"

"తీసుకున్న్యానని చెప్పినా. అబద్ధం."

"ఉచితంగా ఇచ్చే టికెట్టు తీసుకోకుండా ప్రయాణం చేసేదానికి కారణం?"

యశోద తల వంచుకోలేదు. "మా ఆయన రోంత సేపు నా పక్కన కూచుంటాడని."

పెన్ను కాగితం మీద ఆనింది గానీ కదల్లేదు. ఎర్రచుక్క పడి, మెల్లగా పెద్దదైంది.

"అట్లనే రాయల్లనా?" అన్నాడాయన. ఆ గొంతు మొదటిసారిగా ఇన్‌స్పెక్టర్ గొంతులా లేదు.

"అట్లనే రాయి."

రాశాడు. ఆమె సంతకం పెట్టింది. ఆయన కాగితం మడిచి కుళ్లాయప్ప చేతికిచ్చి, చెన్నేకొత్తపల్లి రాగానే దిగిపోయాడు. వెనక సీట్లవాళ్ల టికెట్లు చూడనేలేదు. ముత్యాలప్ప టికెట్టు పట్టుకుని చెయ్యి చాచుకునే ఉండి, "సారూ, నాది చూడలేదే! ఓ సారూ!" అని కిటికీలోంచి అరిచాడు. ఆయన వెనక్కి తిరగలేదు.

ఆ కాగితం డిపోకు చేరింది. అమర్‌నాథ్ దాన్ని చదివి, కారణం అని ఉన్నచోట కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడట. ఆ సాయంత్రమే అరుణకు కబురు పంపాడు. సస్పెన్షను ఎత్తేశారు. అరుణ సర్వీసులో మచ్చ లేదని పైకి రాశారు. యశోదకు మాత్రం అబద్ధం చెప్పినందుకు మందలింపు కాగితం ఒకటి వచ్చింది. ఆమె దాన్ని రోజాకు ఫోన్లో చదివి వినిపించింది.

అరుణ మళ్లీ డ్యూటీ ఎక్కిన రోజు బస్సులో పండగలా ఉంది. ఫ్యాక్టరీ పిల్లలు చప్పట్లు కొట్టారు. రామాంజనేయులు ఊరికే రెండుసార్లు హారను కొట్టాడు. యశోద ఒక పక్కగా ఒదిగి కూర్చుంది. అరుణ ఆమె దగ్గరికే ముందు వచ్చి, టికెట్టు కొట్టి, ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు తనే మూసింది.

"సంచిలో పెట్టొద్దు అత్తా. చేతిలో పట్టుకో."

"పట్టుకుంటాలే తల్లీ."

పెనుకొండ దాటింది. ఆయన ఎక్కుతాడో లేదోనని యశోద కిటికీ చువ్వలు పట్టుకుని ముందుకు వంగి చూసింది. రేకుల షెడ్డు కనిపించింది. దాని ముందు తెల్లచొక్కా కనిపించింది. చెయ్యి లేచింది.

వీరభద్రయ్య ముందు సీటు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి టికెట్టూ చూశాడు. యశోదది చూసి గీత గీసి, "సరేమ్మా," అన్నాడు. ముత్యాలప్పది రెండువైపులా తిప్పి చూశాడు. వెనక వరస దాకా ఒక్కరినీ వదల్లేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర రామాంజనేయులు బస్సు ఆపాడు. దిగేవాళ్లు దిగారు. వీరభద్రయ్య దిగలేదు. అరుణ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ధర్మవరం ఒకటి ఇయ్యమ్మా," అన్నాడు.

అరుణ ఆయన వైపు చూసింది. "మీకు పాసు ఉండాది గదా సార్?"

"పాసు డ్యూటీలో ఉన్నప్పుడు. డ్యూటీ అయిపోయింది." జేబులోంచి డబ్బులు తీసి ఇచ్చాడు. మిషన్ టికెట్టును బయటికి తోసింది. అరుణ దాన్ని ఆయన చేతిలో పెట్టింది. పెట్టి, కాసేపు స్టేజీ వైపు చూసి, "రైట్ రైట్," అంది.

యశోద పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి పుస్తకాలు తీసుకుని మాట్లాడకుండా ముందు సీటుకు వెళ్లిపోయింది. ఆయన తోలుసంచిని పైనున్న అరలో పెట్టాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒక క్షణం నిలబడ్డాడు.

"యశోదా, రోంత జరుగు," అన్నాడు.

ఆమె జరిగింది.

బస్సు ఊరు దాటింది. గాలిమరలు వెనక్కి పోయాయి. మల్బరీ తోటలు వచ్చాయి.

"మన పాప బాగుండాదా?" అన్నాడు.

"బాగుండాది. రోజూ నిన్నే అడుగుతాంటాది."

"నువ్వు చిక్కిపోయినావు."

"నువ్వు అట్లనే ఉండావు," అంది యశోద. ఆ మాటకు ముందు సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆమె ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

ధర్మవరం ఊళ్లోకి అడుగుపెడుతుండగా రైలు గేటు పడింది. బస్సు ఆగింది. ముందు ఆటోలు, వెనక మోటారు సైకిళ్లు, మధ్యలో బస్సు. "అయిపాయ, ఇంగ గూడ్సు బండే వచ్చేది. ఇప్పుడల్లా లేవదు ఈ గేటు," అని ఎవరో విసుక్కున్నారు. రామాంజనేయులు ఇంజన్ ఆపేసి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అరుణ మెట్ల మీద నిలబడి తల బయటికి పెట్టి పట్టాల వైపు చూసింది.

వీరభద్రయ్య చేతి గడియారం చూసుకున్నాడు. "శానా సేపు పట్టేట్టుండాదే," అన్నాడు.

"పట్టనీలే," అంది యశోద.

గూడ్సు బండి ఇంజను మెల్లగా గేటు దాటింది. దాని వెనకాల బొగ్గు పెట్టెలు, ఒకదాని తర్వాత ఒకటి, వస్తూనే ఉన్నాయి.